వెనక స్పీకర్లు మార్చే ముందు

హోమ్ థియేటర్ పెట్టుకున్న ఇంట్లో రెండు మూడేళ్లు గడిచేసరికి ఒక అసంతృప్తి మొదలవుతుంది. ముందు స్పీకర్లు బాగానే పలుకుతున్నాయి. సబ్ వూఫర్ కిటికీ అద్దాలు అదరగొడుతోంది. వెనకున్న రెండు చిన్న డబ్బాలు మాత్రం మోగుతున్నాయో లేదో తెలియడం లేదు. "అవి మార్చేస్తే సరిపోతుంది సార్" అంటాడు షాపతను. మనమూ అదే మాట కోసం ఎదురుచూస్తున్నాం కాబట్టి వెంటనే నమ్మేస్తాం.

నమ్మే ముందు ఈ అధ్యాయం చదవండి. సరౌండ్ స్పీకర్లు మార్చడం ఆరో మెట్టు. దానికి ముందు ఐదు మెట్లున్నాయి. మొదటి నాలుగింటికి పైసా ఖర్చు లేదు, ఐదోదానికి కొద్దిగా అవుతుంది. చాలామంది నేరుగా ఆరో మెట్టు మీద కాలు పెట్టి, డబ్బు పోయాక కూడా పాత అసంతృప్తితోనే కూర్చుంటారు. వరస పాటించినవాళ్లలో కొందరికి కొత్త స్పీకర్ల అవసరమే రాదు. అవసరం వచ్చినవాళ్లకు తమకేం కావాలో స్పష్టంగా తెలిసి ఉంటుంది.

ఈ చిన్న డబ్బాల అలవాటు ఎక్కడిది?

వెనక స్పీకరంటే చిన్నదే అన్న అభిప్రాయానికి ఒక చరిత్ర ఉంది. 1982లో డాల్బీ సరౌండ్ ఇళ్లకు వచ్చింది, 1987లో ప్రో లాజిక్ వచ్చింది. రెండింట్లోనూ వెనక్కి వెళ్లేది ఒకే ఛానల్. మీరు రెండు స్పీకర్లు పెట్టినా రెండూ ఒకే శబ్దం వినిపించేవి. అదీ సుమారు 7,000 హెర్ట్జ్ దగ్గర కత్తిరించిన శబ్దం. ఆ మాత్రానికి అరచేతిలో ఇమిడే స్పీకరు చాలు. కంపెనీలు అలాగే చేశాయి, మనమూ అలాగే కొన్నాం.

1992లో 'బ్యాట్‌మన్ రిటర్న్స్'తో డాల్బీ డిజిటల్, మరుసటి ఏడాది 'జురాసిక్ పార్క్'తో డీటీఎస్ థియేటర్లలోకి వచ్చాయి. అప్పటినుంచి వెనక ఎడమ వేరు, వెనక కుడి వేరు. ముందు స్పీకర్లకు వెళ్లేంత నిండు శబ్దం వెనక్కీ వెళ్లడం మొదలైంది. మన దగ్గర 1986లోనే కృష్ణ 'సింహాసనం' 70 ఎంఎం తెర మీద ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ శబ్దంతో విడుదలైంది. 2022లో 'ఆర్ఆర్ఆర్' నాటికి పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ మిక్సింగ్ మామూలు విషయమైపోయింది. సౌండ్ ఇంజినీరు ఇప్పుడు వర్షాన్నీ, గుర్రాల డెక్కలనీ, జనం హోరునీ మీ వెనక గోడ దాకా పరుస్తున్నాడు. సంగీతంలోనూ అంతే. 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఆల్బమ్ 2003లో 5.1 రూపంలో, అంటే ఐదు స్పీకర్లకూ ఒక సబ్ వూఫర్‌కూ వేర్వేరు శబ్దంతో, వచ్చింది. 2021 నుంచి ఆపిల్ మ్యూజిక్‌లో అట్మాస్ పాటలు దొరుకుతున్నాయి.

అంటే మీ అసంతృప్తి ఉత్త భ్రమ కాకపోవచ్చు. శబ్దం మారింది, డబ్బాలు మారలేదు. అయినా తొందర వద్దు. సరౌండ్ స్పీకర్ల పని కచేరీలో తంబురా పని లాంటిది: బాగుంటే ఎవరూ పొగడరు, శ్రుతి తప్పితే అందరికీ ఇబ్బందే. "వెనక స్పీకర్లు అదిరిపోతున్నాయి" అని అతిథి అన్నాడంటే అవి ఎక్కువగా మోగుతున్నాయని అర్థం చేసుకోవాలి. "గది పెద్దదైనట్టుంది" అన్నాడంటే మీ పని అయినట్టే.

ఒక హాలు తీసుకుందాం

చెప్పేది గాలిలో ఉండకుండా ఒక హాలును ఊహించుకుందాం. గుంటూరులో అపార్ట్‌మెంట్, బ్యాంకు ఉద్యోగి ఇల్లు. హాలు పదకొండు అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు. నేల మీద విట్రిఫైడ్ టైల్స్. సోఫా వెనక గోడకు ఆనించి ఉంది. ఎడమ సరౌండ్ షోకేసు మీద, పిల్లల స్కూలు కప్పుల పక్కన, చెవికి మూడడుగుల దూరంలో ఉంది. కుడిది బాల్కనీ తలుపు దగ్గర నేల మీద, పూలకుండీ వెనక, చెవికి ఆరడుగుల దూరంలో ఉంది. ఆయన కొత్త జత కొందామనుకుంటున్నాడు. ఇంజినీరింగు చదివే అన్నకొడుకు సెలవులకు వచ్చి చూశాడు.

"బాబాయ్, కొనడం తర్వాత. ముందు నన్నొక పూట చూడనీ."

ఆ పూటలో అతను ఏం చేశాడో అదే మన ఐదు మెట్లు.

మొదటి మెట్టు: శబ్దం అసలు వెనక్కి వెళ్తోందా?

రిసీవర్ ముందు పలక మీద ఏం వెలుగుతోందో చూడండి. సినిమా నడుస్తుండగా 'డాల్బీ డిజిటల్', 'డాల్బీ డిజిటల్ ప్లస్', 'అట్మాస్', 'డీటీఎస్' అని ఏదో ఒకటి కనిపించాలి. 'స్టీరియో' అనో, రెండు ఛానళ్ల 'పీసీఎం' అనో ఉంటే మీ వెనక స్పీకర్లకు వెళ్లే శబ్దం ఆ సినిమా మిక్సింగులోది కాదు. రిసీవర్ తన ఊహతో రెండు ఛానళ్లను సాగదీసి పంపుతున్నది, లేదా ఏమీ పంపడం లేదు.

దీనికి కారణం చాలాసార్లు టీవీలో ఉంటుంది. టీవీ సౌండ్ సెట్టింగుల్లో 'డిజిటల్ ఆడియో ఔట్' అనే చోట 'పీసీఎం' ఎంచి ఉంటే చాలా టీవీలు రెండు ఛానళ్లే బయటికి వదులుతాయి. దాన్ని 'ఆటో' గానో, 'పాస్ త్రూ' గానో, 'బిట్‌స్ట్రీమ్' గానో మార్చండి. హెచ్‌డీఎంఐ వైరు టీవీలో 'ఏఆర్‌సీ' లేదా 'ఈఏఆర్‌సీ' అని రాసి ఉన్న రంధ్రంలోనే ఉందో లేదో చూడండి. ఆప్టికల్ కేబుల్ వాడుతుంటే అందులో మామూలు డాల్బీ డిజిటల్ 5.1 వెళ్తుంది, అట్మాస్ వెళ్లదు. ఓటీటీ యాప్‌లో అదే సినిమాకి రెండు మూడు ఆడియో ట్రాకులు ఉండొచ్చు, 5.1 అని రాసి ఉన్నదాన్ని ఎంచుకోండి.

ఇంకో సంగతి. టీవీ సీరియళ్లు, వార్తలు, యూట్యూబ్ వీడియోల్లో ఎక్కువ భాగం స్టీరియోనే. ఘంటసాల కాలం నాటి పాటలు మోనోలో రికార్డయినవి. వాటికి వెనక స్పీకర్లు నిశ్శబ్దంగా ఉండటమే న్యాయం. కొత్త సినిమాలో కూడా ఇద్దరు గదిలో కూర్చుని మాట్లాడుకునే సన్నివేశంలో వెనకనుంచి పెద్దగా ఏమీ రాదు. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడో, వీధిలో ఆటో వెళ్లిన చప్పుడో సన్నగా వస్తే గొప్ప.

మన బ్యాంకు ఉద్యోగి టీవీ కొన్ననాటినుంచీ పీసీఎంలోనే ఉంది. ఆయన ఇన్నాళ్లూ నిందించింది నోరు కట్టేసిన స్పీకర్లను.

రెండో మెట్టు: ఎక్కడ కూర్చున్నారు, అవి ఎక్కడున్నాయి?

మీరు సోఫాలో కూర్చుని టీవీని సూటిగా చూస్తున్నారు. టీవీ ఉన్న దిక్కు సున్నా డిగ్రీలు, చెవికి సరిగ్గా పక్కదిక్కు 90 డిగ్రీలు. 5.1 అమరికలో సరౌండ్ స్పీకర్లు 110 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలని డాల్బీ సిఫారసు. అంటే పక్కనే, కొంచెం వెనక్కి. కోణమాని అక్కర్లేదు, టేపు చాలు. స్పీకరు చెవికి ఐదడుగుల దూరంలో ఉంటే, చెవి గీతకన్నా ఒకటి ముప్పావు అడుగు నుంచి రెండున్నర అడుగుల దాకా వెనక్కి ఉండాలి. 'సరౌండ్' అన్నారు కదా అని నెత్తి వెనక గోడకు తగిలిస్తే శబ్దం చుట్టుముట్టదు, వెనకనుంచి ఎవరో పిలిచినట్టు ఉంటుంది.

ఎత్తు విషయానికొస్తే, కూర్చున్న మనిషి చెవి నేలనుంచి మూడు, మూడున్నర అడుగుల మధ్య ఉంటుంది. అక్కడినుంచి ఇంకో రెండడుగుల పైదాకా ఎక్కడైనా ఫర్వాలేదు. అట్మాస్ కోసం పైకప్పు స్పీకర్లు కూడా ఉన్నవాళ్లు మాత్రం సరౌండ్ స్పీకర్లను చెవి ఎత్తుకు దగ్గరగానే ఉంచాలి. లేకపోతే పైశబ్దానికీ పక్కశబ్దానికీ తేడా పోతుంది. స్పీకరుకీ మీ చెవికీ మధ్య సోఫా వీపు గానీ, కుండీ గానీ, కర్టెను గానీ అడ్డం రాకూడదు.

మన ఇళ్లలో అసలు చిక్కు సోఫా. గోడకు ఆనించిన సోఫాలో కూర్చుంటే స్పీకర్లను వెనక్కి జరపడానికి చోటుండదు. పైగా వెనక గోడ దగ్గర బాస్ ఉబ్బిపోయి మాటలు మసకబారతాయి. సోఫాను రెండడుగులు ముందుకు లాగగలిగితే సగం సమస్య తీరినట్టే. కుదరకపోతే స్పీకర్లను పక్కగోడల మీద, చెవికి సూటిగా 90 డిగ్రీల దగ్గర పెట్టుకోండి. అది రాజీయే, కానీ షోకేసు మీద ఒకటీ నేలమీద ఒకటీ ఉండటంకన్నా వెయ్యి రెట్లు నయం.

"సోఫా మధ్యలోకి లాగితే ఎవరైనా చూసి నవ్విపోతారండీ" అంది బ్యాంకు ఉద్యోగి భార్య.

"రెండడుగులే పిన్నీ. వెనక ఊడ్చుకోవడానికీ వీలుగా ఉంటుంది" అన్నాడు కుర్రాడు.

ఇంట్లో అందరూ ఒప్పుకున్న చోటే మంచి చోటు. ఎవరికీ చెప్పకుండా ఆదివారం పొద్దున్నే గోడకు రంధ్రాలు వేయడం మంచి పద్ధతి కాదు.

మూడో మెట్టు: దూరం, లెవెల్

దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గోడలున్న గదిలో అంతకన్నా కాస్త తక్కువే తగ్గినా తేడా స్పష్టంగా తెలుస్తుంది. మన హాలులో ఎడమది మూడడుగుల దూరంలో, కుడిది ఆరడుగుల దూరంలో ఉంది కాబట్టి కుడివైపు శబ్దం ఎడమదాని కింద అణిగిపోతోంది. దీనికి తోడు శబ్దం ఒక అడుగు ప్రయాణించడానికి సుమారు 0.9 మిల్లీసెకను పడుతుంది. ముందుగా చేరిన శబ్దం వైపుకే మన చెవి మొగ్గుతుంది. వెనక మొత్తం ఎడమవైపుకే ఒరిగినట్టు అనిపించడానికి కారణం ఇదే.

రిసీవర్ మెనూలో స్పీకర్ సెటప్‌కి వెళ్లి ప్రతి స్పీకరుకూ దూరం టేపుతో కొలిచి నమోదు చేయండి. తర్వాత 'టెస్ట్ టోన్' నొక్కండి. 'స్స్స్' మంటూ ఒక చప్పుడు ముందు ఎడమనుంచి బయల్దేరి ఒక్కో స్పీకరులో ఆగుతూ గది చుట్టూ తిరుగుతుంది. మీరు ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుని, ఫోన్‌ని చెవి ఎత్తులో పట్టుకోండి. సౌండ్ మీటర్ యాప్‌ని 'సీ' వెయిటింగ్, 'స్లో' మీద ఉంచండి. ప్రతి స్పీకరూ 75 డెసిబెల్స్ చూపేలా లెవెల్ దిద్దండి. ఫోన్ మీటరు చూపే అంకె అటూ ఇటూ ఉండొచ్చు. మనకు కావాల్సింది ఐదు స్పీకర్లూ ఒకే అంకె చూపడం.

మైకుతో వచ్చిన రిసీవరైతే ఈ పని అదే చేస్తుంది. డెనాన్, మరాంజ్‌లో ఆడిసీ, యమహాలో వైపీఏఓ, పయొనీర్‌లో ఎంసీఏసీసీ అని దాని పేరు. మైకును సోఫా కుషన్ మీద పడేయకండి. కెమెరా స్టాండుకో, అదీ లేకపోతే పుస్తకాల దొంతర మీదో చెవి ఎత్తులో నిలబెట్టండి. ఫ్యాన్, ఏసీ ఆపాలి. మే నెలలో మన ఊళ్లలో ఫ్యాన్ ఆపి కూర్చోవడం కష్టం కాబట్టి తెల్లవారుజామున చేసుకోండి, వీధి చప్పుడూ ఉండదు.

దిద్దిన తర్వాత వెనకవాటిని మరో రెండు డెసిబెల్స్ పెంచుకోవాలనిపిస్తే పెంచుకోండి, అది మీ అభిరుచి. ఆరేడు పెంచితేగానీ వినపడటం లేదంటే మాత్రం లోపం ఇంకెక్కడో ఉంది. వెనక్కి వెళ్లి మొదటి మెట్టునుంచి మళ్లీ చూడండి.

నాలుగో మెట్టు: బాస్ పంపకం

రిసీవర్‌లో ప్రతి స్పీకరుకూ 'స్మాల్', 'లార్జ్' అని ఒక ఎంపిక, పక్కనే 'క్రాసోవర్' అని ఒక అంకె ఉంటాయి. ఆ అంకెకన్నా కింది శబ్దం సబ్ వూఫర్‌కి వెళ్తుంది, పైది స్పీకరుకు వెళ్తుంది. మామూలుగా 80 హెర్ట్జ్ అందరూ ఒప్పుకున్న అంకె. అంతకన్నా కిందిశబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు.

సరౌండ్‌ని 'లార్జ్' మీద పెట్టడం చాలా ఇళ్లలో కనిపించే పొరపాటు. మూడంగుళాల డ్రైవరున్న స్పీకరుకు 40 హెర్ట్జ్ శబ్దం పంపితే అది పలకదు సరికదా, గరగరలాడుతుంది. దాన్ని 'స్మాల్' చేసి, క్రాసోవర్ 120 నుంచి 150 మధ్య పెట్టండి. స్పీకరు హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది.

మీకు కొత్త స్పీకరు కావాలా వద్దా అన్నదానికి మొదటి సాక్ష్యం ఇక్కడే దొరుకుతుంది. 150 దగ్గర కత్తిరిస్తే తప్ప మీ సరౌండ్ నిలబడలేకపోతోందంటే, 80కీ 150కీ మధ్య ఉన్న శబ్దమంతా వెనకనుంచి రావాల్సింది సబ్ వూఫర్ మూలనుంచి వస్తోందన్నమాట. ఉరుము వెనక మొదలై ముందు మూలలో తేలుతుంది. ఈ లోపాన్ని ఏ సెట్టింగూ పూడ్చలేదు. దీన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఐదో మెట్టు: గది

హాలు మధ్య నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు వెంటనే ఆగిపోతే మంచిది. 'టింగ్' మని గోడల మధ్య రేగుతూ పోతే మీ గదే ఇంకో స్పీకరుగా మోగుతోంది. టైల్స్ నేల, సున్నం గోడలు, పరదా లేని కిటికీ ఉన్న మన హాళ్లలో ఇది సర్వసాధారణం. ఇలాంటి గదిలో ఎంత ఖరీదైన సరౌండ్ పెట్టినా శబ్దం ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా కలగాపులగమవుతుంది.

సోఫాకీ టీవీకీ మధ్య ఒక మందపాటి తివాచీ పరవండి. కిటికీలకు దళసరి కర్టెన్లు వేలాడదీయండి. ఖాళీ గోడకు పుస్తకాల బీరువా ఆనించండి. తోలు సోఫా అయితే దాని మీద ఒక దుప్పటి పరిచి చూడండి. మళ్లీ చప్పట్లు కొట్టండి. ఇంతకే తేడా తెలుస్తుంది. గోడల నిండా స్పాంజి పలకలు అతికించాల్సిన అవసరం హాలుకు లేదు.

ఆరో మెట్టు: కొనే ముందు రుచి చూడటం

ఐదు మెట్లు ఎక్కాక ఒక వారం ఆగండి. ఆ వారంలో ఒక కాగితం దగ్గర పెట్టుకుని ఫిర్యాదులు రాయండి. "వెనక సౌండ్ బాలేదు" అన్నది ఫిర్యాదు కాదు. ఏ సినిమా, ఏ సన్నివేశం, ఏ శబ్దం, ఎలా వినిపించింది అని రాయాలి. "హెలికాప్టర్ ముందునుంచి వెనక్కి వెళ్లేసరికి దాని గొంతు మారిపోయి తేనెటీగలా అయింది" అని రాసుకుంటే అది పనికొచ్చే ఫిర్యాదు. దాన్ని బట్టి కొనొచ్చు.

తర్వాత రెండు పరీక్షలు చేయండి. రెండూ ఉచితమే.

మొదటిది: వెనక స్పీకర్లు రెండింటినీ తీసుకొచ్చి ముందు స్పీకర్ల చోట కలిపి, మీకు బాగా తెలిసిన గొంతు వినండి. సుశీల గారిదో, బాలు గారిదో పాట చాలు. క్రాసోవర్ సరిగ్గా పెట్టి ఉంచండి. గొంతు గొంతులాగే ఉంటే మీ సరౌండ్‌లో పెద్ద లోపం లేదు. ముక్కుతో పాడినట్టో, ఫోన్‌లో వింటున్నట్టో ఉంటే ఆ స్పీకరు పని అయిపోయింది.

రెండోది: ముందు స్పీకర్లను వెనక పెట్టి, ఒక వారం పాటు ముందు సెంటర్ స్పీకరుతో, పాత చిన్న జతతో సర్దుకోండి. లెవెల్ మళ్లీ దిద్దాలి. ముందు కొంత పలచబడుతుంది, అది లెక్కలోకి తీసుకోకండి. వెనక వైపు మాత్రం వినండి. వర్షం, జనం, గాలి మునుపటికన్నా నిండుగా, సహజంగా ఉన్నాయా? ఉంటే కొత్త సరౌండ్ మీకిచ్చేది ఇంతే, ఇంతకన్నా ఎక్కువ కాదు. ఆ లాభానికి మీ డబ్బు ఇవ్వాలనిపిస్తుందో లేదో మీరే చెప్పగలరు. తేడా పట్టుకోలేకపోతే దాన్ని అవమానంగా తీసుకోవద్దు. మీకు బోలెడు డబ్బు మిగిలింది.

కొనేటప్పుడు

కొనాలని తేలింది. ఇప్పుడు ఏం చూడాలి?

1. ముందువాటితో పోలిక. మీ ముందు స్పీకర్లు ఏ కంపెనీ ఏ సిరీస్‌వో అదే సిరీస్‌లో బుక్‌షెల్ఫ్ జత దొరికితే ఇంకేమీ వెతకొద్దు. ఆ సిరీస్ ఆగిపోయి ఉంటే అదే కంపెనీది, అదే రకం ట్వీటరున్నది చూడండి. ముందు పట్టు గుడ్డ డోమ్ ఉంటే వెనకా అదే, లోహపు డోమ్ ఉంటే వెనకా అదే. హెలికాప్టర్ గొంతు మారకుండా ఉండేది దీనివల్లే.

2. ముందువాటిని వెనక్కి పంపడం. ముందు జత మీద కూడా మనసు పోయి ఉంటే కొత్త జత ముందు పెట్టి, పాత ముందు జతను వెనక్కి పంపండి. ఒక ఖర్చుతో రెండు చోట్లా మెరుగుదల. ఇంట్లో చెప్పుకోవడానికీ మంచి వాదన.

3. డ్రైవరు సైజు. ఐదంగుళాలు లేదా అంతకు మించిన డ్రైవరున్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు మామూలుగా 80 హెర్ట్జ్ దాకా ఇబ్బంది లేకుండా దిగుతాయి. నాలుగో మెట్టులో రాసుకున్న ఫిర్యాదు తీరేది ఇక్కడే.

4. ఓమ్‌లు, డెసిబెల్స్. రిసీవర్ వెనక ఎన్ని ఓమ్‌ల దాకా కలపొచ్చో రాసి ఉంటుంది. అంతకన్నా తక్కువ ఓమ్‌ల స్పీకరు కలపకండి. ఒకే డబ్బాలో సెట్టుగా వచ్చే హోమ్ థియేటర్లలో 3 ఓమ్‌ల స్పీకర్లు, ప్రత్యేకమైన ప్లగ్గులు ఉండటం మామూలే. వాటికి బయటి స్పీకర్లు తగిలించే ఆలోచనే వదిలేయండి. ఇక సెన్సిటివిటీ 85 ఉన్న స్పీకరుకన్నా 88 ఉన్నది అదే శబ్దాన్ని సగం పవర్‌తో ఇస్తుంది.

5. పోర్టు (డబ్బాకి ఉండే గాలి రంధ్రం) ఎటువైపు? గోడకు తగిలించేదైతే ముందు పోర్టు ఉన్నదో, పోర్టే లేనిదో తీసుకోండి. వెనక పోర్టున్న స్పీకరును గోడకు అంటించి పెడితే దాని బాస్ ముద్దయిపోతుంది.

6. డైపోల్, బైపోల్. రెండు వైపులకూ మోగే ఈ స్పీకర్లు, సోఫా పక్కనే గోడ ఉండి స్పీకరు చెవిలో గుచ్చుకునే పరిస్థితిలో సినిమాలకు పనికొస్తాయి. సంగీతం ఎక్కువగా వినేవాళ్లకూ, అట్మాస్ పెట్టుకునేవాళ్లకూ నేరుగా మోగే మామూలు స్పీకర్లే మంచివి.

7. నాలుగు వద్దు, రెండు చాలు. సోఫా వెనక కనీసం నాలుగడుగుల ఖాళీ లేని హాలులో నాలుగు సరౌండ్ స్పీకర్లుండే 7.1 పెట్టి లాభం లేదు. అదే డబ్బుతో రెండు మంచివి కొనండి. ఫాల్స్ సీలింగులో గుండ్రటి స్పీకర్లు వేయించి వాటినే సరౌండ్ అనుకోవడం ఇంకో అలవాటు. అవి పైశబ్దానికి బాగుంటాయి, పక్కశబ్దానికి పనికిరావు.

8. వైర్‌లెస్ మాట. వైర్‌లెస్ సరౌండ్‌కి స్పీకరు వైరు ఉండదు, కరెంటు వైరు ఉంటుంది. ఆ మూల ప్లగ్ పాయింటు ఉందో లేదో చూసుకుని డబ్బు కట్టండి.

ఒకవేళ మీ సెంటర్ స్పీకరు బలహీనంగా ఉంటే, ఈ జాబితా మొత్తం పక్కనపెట్టి ముందు దాన్ని మార్చండి. సినిమాలో మాటలు దాదాపుగా అందులోంచే వస్తాయి. వెనక వర్షం ఎంత బాగా కురిసినా, ముందు మాట అర్థం కాకపోతే మీరు సబ్‌టైటిల్స్ చదువుకుంటూ కూర్చుంటారు.

బిగించే రోజు

వైరు దగ్గర పిసినారితనమూ వద్దు, ఆర్భాటమూ వద్దు. పది మీటర్ల లోపు దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు, అంతకు మించితే 2.5 తీసుకోండి. బంగారు పూత, బాణం గుర్తులు ఉన్న వేల రూపాయల వైర్లు అక్కర్లేదు. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజారుకు వెళ్తే మీటర్ల లెక్కన కోసిస్తారు. కోయించే ముందు ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి. పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం. వద్దని చెప్పి ఇంకోటి అడగండి. కరెంటు వైర్లు నడిచే పైపులోనే స్పీకరు వైరును లాగనివ్వకండి. ఎలక్ట్రీషియన్ "ఏం కాదు సార్" అంటాడు. భద్రత దృష్ట్యా వేరే కేసింగ్ పట్టీలో నడిపించమనండి.

రిసీవర్ ప్లగ్ పీకేసి ఉంచే వైర్లు కలపండి. వైరు చివర ఒక్క పోగు జారి పక్క టెర్మినల్‌కి తగిలినా రిసీవర్ భద్రత కోసం ఆగిపోతుంది, ఖర్మ కాలితే కాలిపోతుంది. పోగుల్ని గట్టిగా మెలిపెట్టండి, లేదా బనానా ప్లగ్గులు వాడండి.

గోడలో వెళ్లిన వైరులో ఏది ప్లస్, ఏది మైనస్ అన్న అనుమానం వస్తే ఒక పెన్సిల్ బ్యాటరీ తెప్పించండి. రిసీవర్ వైపు కొసలు విప్పి, ఆ రెండు కొసలను 1.5 వోల్టుల బ్యాటరీకి ఒక్క క్షణం తాకించండి. ఇంకొకరు అక్కడ స్పీకరు కోన్‌ని చూస్తూ ఉండాలి. 'టప్' మని చిన్న చప్పుడు వస్తుంది. బ్యాటరీ ప్లస్‌కి తాకిన తీగ స్పీకరు ప్లస్‌దే అయితే కోన్ ముందుకు కదులుతుంది, తారుమారైతే లోపలికి పోతుంది. రెండు స్పీకర్లూ ఒకేవైపు కదలాలి. ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ కదిలితే వెనక శబ్దం బోలుగా, తల లోపల తిరుగుతున్నట్టు ఉంటుంది.

స్పీకరు నాలుగైదు కిలోల బరువుంటుంది. తేలికపాటి ఇటుకల గోడకు చిన్న మేకు సరిపోదు, సరైన ప్లగ్గు, స్క్రూ వేయించి, తగిలించాక చేత్తో లాగి చూడండి. కింద పిల్లలు ఆడుకుంటారు. గోడకు అవతల పక్కింటివాళ్ల పడకగది ఉంటే ఆ గోడకు తగిలించకుండా స్టాండు మీద పెట్టండి. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్ద పరిమితి 45 డెసిబెల్స్ అని మన దేశంలో నిబంధన ఉంది. రిసీవర్‌లో 'నైట్ మోడ్' అనేది అలాంటి వేళల కోసమే.

బిగించాక మూడో మెట్టు మళ్లీ మొదటినుంచి. కొత్త స్పీకరుకు పాత లెవెల్స్ పనికిరావు.

ఈ నెల మీ పని

మొదటి వారం: టీవీ ఆడియో సెట్టింగు, రిసీవర్ పలక మీది పేరు చూసుకోండి. టేపుతో దూరాలు కొలిచి కాగితం మీద హాలు బొమ్మ గీయండి.

రెండో వారం: ఇంట్లోవాళ్లతో మాట్లాడి సోఫా, స్పీకర్లు జరపండి. లెవెల్స్, క్రాసోవర్ దిద్దండి. చప్పట్ల పరీక్ష చేసి తివాచీ సంగతి తేల్చండి.

మూడో వారం: సినిమాలు చూడండి. ఫిర్యాదులు రాయండి.

నాలుగో వారం: స్పీకర్లు ముందువి వెనక్కీ, వెనకవి ముందుకూ మార్చి వినండి.

నెలాఖరున కాగితం తీసి చదవండి. స్పష్టమైన ఫిర్యాదులు మిగిలి ఉంటే, స్పీకర్లు మార్చి విన్నప్పుడు అవి తీరి ఉంటే, నిశ్చింతగా కొనండి. ఆ ఖర్చు వృథా కాదు. కాగితం ఖాళీగా ఉంటే షాపు మెట్లెక్కకండి. ఆ డబ్బుతో సెంటర్ స్పీకరో, మందపాటి కర్టెన్లో కొనుక్కుని, మీ పాత స్పీకర్లతోనే మంచి సినిమాలు చూడండి.